తొమ్మిదేళ్ల కారుకు కొత్త కారు పన్ను

మిషనక్క మోకాలు మొదటిసారి ఎదురుతిరిగింది సిటీ బస్సు మెట్టు మీద. చేతిలో కుట్టుమిషన్ తల ఉంది. తల అంటే బల్లకు బిగించి ఉండే ఇనపభాగం, పన్నెండు కిలోలు. భుజానికి పనిముట్ల సంచి, వెనకాల తోసుకొస్తున్న జనం, లోపలినుంచి "ఎక్కితే ఎక్కమ్మా, లేకపోతే దిగు" అంటున్న కండక్టరు. మోకాలు ఎక్కనంది, మిషనక్క దిగనంది. చివరికి ఎవరో పుణ్యాత్ముడు మిషన్ తల అందుకుని లోపల పెట్టాడు. ఆ బస్సులో కూర్చునే ఆమె కారు కొనాలని తేల్చుకుంది.

ఆమెకు యాభై రెండేళ్లు. ఆగిపోయిన కుట్టుమిషన్లను ఇళ్లకీ దర్జీ కొట్లకీ కార్ఖానాలకీ వెళ్లి బాగుచేస్తుంది. పని నేర్పింది భర్త. ఆయన పోయి పదహారేళ్లయింది. "ఆడది మిషన్ కుట్టాలి గానీ విప్పడమేమిటి?" అని అప్పట్లో మూతి విరిచిన దర్జీలు ఇప్పుడు సూది అడ్డం తిరిగితే ముందు ఆమెకే ఫోన్ చేస్తారు. నవ్విన నాపచేనే పండిందన్నమాట. ఆ పంట ఇల్లు గడవడానికి సరిపోతుంది, నిలవ చేసుకునేంత ఉండదు.

ఆమెకో అలవాటుంది. బాగుచేసిన మిషన్‌ని తుడవకుండా తిరిగివ్వదు. నూనె పెడుతుంది, మూలమూలలా దూది తీస్తుంది, ఆఖరున మిషన్ మీది నంబరు రేకుని గరుకు కాగితంతో రుద్ది అంకెలు తళతళలాడేలా చేస్తుంది. నంబరు కనబడని మిషన్ తన చేతిలోంచి బయటికి వెళితే ఆమెకి నిద్ర పట్టదు. ఈ అలవాటే ఆమె కొంప ముంచబోయింది. ఆ సంగతికి వస్తాను.

ముందు అన్నయ్య గురించి చెప్పాలి. మేకులు, పైపులు, రంగులు అమ్మే కొట్టు ఆయనది. మంచివాడు. చెల్లెలు బరువులు మోసుకుంటూ వీధులు తిరగడం చూడలేక రెండేళ్లుగా ఒకటే పాట: "గల్లాపెట్టె దగ్గర స్టూలు ఖాళీగానే ఉంది, వచ్చి కూర్చో. నెలజీతం ఇస్తా." ఆ మాట విన్నప్పుడల్లా మిషనక్కకి ఊపిరాడనట్టుండేది. పదహారేళ్లు తన పేరు మీద తను బతికింది. ఇప్పుడు అన్నయ్య స్టూలు మీద కూర్చుని, అన్నయ్య చిల్లర లెక్కపెడుతూ ముసలిదైపోవాలా?

"మీ అన్నయ్య మంచివాడే అమ్మాయ్" అనేది అత్తగారు. కొడుకు పోయాక కోడలి దగ్గరే ఉండిపోయిన మనిషి, డెబ్బై ఎనిమిదేళ్లు, నోటికి మాత్రం పాతికే. "మంచివాళ్ల దగ్గర జీతానికి కుదిరితే కష్టం. తిట్టుకోవడానికి కూడా వీలుండదు."

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టు, ఊళ్లో పాతకార్ల ధరలు ముట్టుకుంటే కాలేట్టున్నాయి. పక్క రాష్ట్రంలో చవకన్నారు. తెలిసిన దర్జీ ఒకాయన సరిహద్దు అవతల ఉన్న రిటైర్డ్ టీచరమ్మ చిరునామా ఇచ్చాడు. నాలుగు గంటలు బస్సులో వెళ్లి చూసింది. తొమ్మిదేళ్ల చిన్న కారు, బూడిదరంగు, ఒకే చెయ్యి నడిపింది. వెనక తలుపు వెడల్పుగా ఉంది, రెండు మిషన్లు హాయిగా పడతాయి. టీచరమ్మ మొదటిరోజు బిల్లు దగ్గర్నుంచి నిన్నమొన్నటి రిపేరు చీటీ దాకా అన్నీ వరసగా ఫైల్లో పెట్టి ఇచ్చింది. ఇక్కడి ధరతో పోలిస్తే మూడోవంతు తక్కువకి బేరం కుదిరింది. మిషనక్క ఆ కారుని తనే నడుపుకుంటూ ఇంటికొచ్చింది. దారంతా పాడుకుంటూనే వచ్చింది.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. అన్నయ్య కారు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి నంబరుపలక దగ్గర ఆగాడు.

"పక్క రాష్ట్రం నంబరుతో ఇక్కడ తొంభై రోజులే తిరగనిస్తారు. ఈలోపు ఇక్కడి పన్ను కట్టి, ఇక్కడి నంబరు వేయించుకోకపోతే బండి పట్టుకుపోతారు. తెలుసా?"

"వేయించుకుంటా."

"ఏజెంటు లేకుండా నీవల్ల అయ్యే పని కాదది. కాకపోతే ఏం చేస్తావ్? బండి అమ్మేసి కొట్టుకొస్తావా?"

"వస్తా" అంది మిషనక్క. రోషంలో నోరు జారింది. జారిన మాటని వెనక్కి తీసుకునే మనిషి కాదు.

అక్కణ్ణించి ఖర్చులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వచ్చాయి. ఈ బండి మీద మాకు అభ్యంతరం లేదని పక్క రాష్ట్రం ఆఫీసువాళ్లు పత్రం ఇవ్వాలి, దానికి రుసుము. అది ఇవ్వడానికి యాభై ఆరు రోజులు, మూడు బస్సు ప్రయాణాలు. బీమా పేరు మార్పుకి ఒకటి, పొగ పరీక్షకి ఒకటి, తనిఖీకి ఒకటి. చవకలో మిగిలిందనుకున్నది సగం బస్సు చక్రాల కిందే పోయింది. ఆ పత్రం చేతికొచ్చాక, ఇక్కడి రవాణా ఆఫీసులో తనిఖీకి దొరికిన తేదీ డెబ్బై ఎనిమిదో రోజు.

తనిఖీ ముందురోజు ఆమె కారు శుభ్రం చేసింది. అద్దాలు తుడిచింది, కాళ్లకింద పట్టాలు కడిగింది. ఇంజను మూత ఎత్తి చూస్తే, కారు ఒంటి మీద కొట్టిన నంబరు తుప్పులో కూరుకుపోయి కనిపించింది. ఆమె చేతులు ఊరుకుంటాయా? గరుకు కాగితం తీసుకుంది, అరగంట రుద్దింది, చుట్టూ నల్లరంగు కూడా పూసింది. అంకెలు ధగధగా మెరిశాయి.

మర్నాడు ఇన్‌స్పెక్టరు మూత ఎత్తాడు, వంగాడు, వంగినవాడు అలాగే ఆగిపోయాడు.

"ఈ నంబరు రుద్దింది ఎవరు?"

"నేనే సార్" అంది మిషనక్క, మెచ్చుకుంటాడనుకుని.

"ఎందుకు రుద్దారు?"

"తుప్పు పట్టి ఉంది సార్."

ఆయన పుస్తకం మూసేశాడు. "తొమ్మిదేళ్ల బండికి నిన్న కొట్టినట్టుంది నంబరు. పాతది చెరిపి కొత్తది కొట్టలేదని నమ్మకమేమిటి? ఇది దొంగబండి కాదని ఎవరు చెప్పాలి? నేను సంతకం పెట్టను."

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఆమె భయపడుతూ బయటికొచ్చేసరికి గేటు పక్కన గొడుగాయన పిలిచాడు. పెద్ద గొడుగు కింద బల్ల వేసుకుని, జిగురు, పిన్నులు, ఫారాలు పెట్టుకుని కూర్చునే ఏజెంటు. ఆయన చేతిమీదుగా వెళ్లే ఫైలుకి మూలన చిన్న పెన్సిల్ గీత ఉంటుంది. గీత ఉన్న ఫైలు పైకి తేలుతుంది, లేనిది అడుక్కి దిగుతుంది. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, అడిగితే ఎవరికీ తెలియదు.

"అక్కా, మీరు దొంగ కాదని నాకు తెలుసు" అన్నాడు గొడుగాయన ఎంతో ప్రేమగా. "ఆ సంగతి లోపల సార్‌కి కూడా తెలుసు. కానీ తెలిసిన సంగతి ఒప్పించాలంటే కాస్త ఖర్చవుతుంది."

"అబద్ధం ఒప్పించడానికి డబ్బడిగావంటే ఒక అర్థముంది. నిజం ఒప్పించడానికి కూడా డబ్బేనా?"

"నిజానికే ఎక్కువక్కా."

ఆమెకి అప్పటిదాకా ఉన్న భయం కాస్తా కోపంగా మారింది. వెనక్కి తిరిగి లోపలికి నడిచింది.

"రాసివ్వండి సార్."

"ఏమిటి రాసివ్వాలి?"

"నాది దొంగబండని. కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. పైవాళ్లకి చూపించుకుంటా."

ఇన్‌స్పెక్టరు రాయలేదు. రేపు రమ్మన్నాడు. రేపు వెళితే ఎల్లుండి రమ్మన్నాడు. మిషనక్క ఆయన గదికి ఎదురుగా ఉన్న బల్ల మీద పొద్దున్నే కూర్చుని, ఆయన తలెత్తినప్పుడల్లా "రాసిస్తున్నారా సార్?" అనేది. రెండోరోజు నుంచి అత్తగారు కూడా ఫ్లాస్కుతో వచ్చి పక్కన చేరింది. ఇంట్లో ఒక్కదానికీ తోచడం లేదట. "ఆ గదిలో ఉన్నాయనేనా అమ్మాయ్, రాయడం రానాయన?" అని అందరికీ వినబడేలా అడిగేది.

అలా ఎనిమిది రోజులు పోయాయి. ఎనభై ఆరో రోజున, చేసే పనేమీ లేక ఫైలు తిరగేస్తుంటే, పక్క రాష్ట్రం పత్రానికి అంటించిన సన్నని కాగితం ఒకటి కంటబడింది. అక్కడి ఆఫీసువాళ్లు బండి నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చు. ఆమె తోమకముందు తీసింది! మిషనక్క గబగబా కారు దగ్గరికి పరుగెత్తి, తను మెరిపించిన నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దింది. రెండు కాగితాలూ పట్టుకుని అడగకుండానే గదిలోకి వెళ్లి, ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించింది.

"చూడండి సార్. ఈ ఏడంకె కింద చిన్న ముక్క విరిగి ఉంది. పాతదాంట్లోనూ ఉంది, ఇందులోనూ ఉంది. కార్ఖానాలో ఈ అంకె కొట్టిన ఉక్కు అచ్చు అక్కడ విరిగి ఉంటుంది. మిషన్ల నంబర్లలో నేను రోజూ చూసేదే ఇది. నంబరు మార్చే దొంగ ఎవడైనా, ఆ విరుపు కూడా గుర్తుపెట్టుకుని అదేచోట మళ్లీ విరగ్గొడతాడా?"

ఇన్‌స్పెక్టరు కళ్లజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు, బయటికెళ్లి బండి మీద చూశాడు. వచ్చి సంతకం పెట్టాడు.

"ఇంకెప్పుడూ నంబర్లు తోమకండి" అన్నాడు గంభీరంగా.

"తుప్పు పడితే తోముతాను సార్" అంది ఆమె.

ఒక చిక్కు విడింది, ఇంకోటి మిగిలింది. ఎనభై తొమ్మిదో రోజు ఫైలు పన్ను కౌంటరుకి చేరింది. అక్కడ మెడకి మఫ్లరు చుట్టుకున్న కుర్ర గుమాస్తా ఒక చీటీ చించి ఇచ్చాడు. చీటీలో అంకె చూసి మిషనక్క కళ్లు నులుముకుంది. కారు కొన్న ధరలో సగానికి పైనే ఉంది.

"ఇదేం లెక్క బాబూ? టీచరమ్మ జీవితకాలం పన్ను ఒకేసారి కట్టేసిందే!"

"అది ఆ రాష్ట్రానికండీ. మిగిలిన ఏళ్లది అక్కడే అడిగి తెచ్చుకోవాలి."

"అడిగాను. ఇక్కడ కట్టిన రసీదు చూపిస్తే, కట్టినావిడ పేరునే ఇస్తామన్నారు. నాకు రాదు, సరే, ఆవిడ సొమ్ము ఆవిడకే చేరనీ. ఇక్కడ మాత్రం ఇంతెందుకు?"

"కొత్త బండి ధర మీద పన్నండీ."

"ఇది తొమ్మిదేళ్లది నాయనా."

"మా రాష్ట్రానికి ఇప్పుడే కదా వచ్చింది. మా లెక్కలో కొత్తదే."

మిషనక్క కౌంటరు మీదికి వంగింది. "నేను మా అత్తగారింటికి ఇరవై మూడో ఏట వచ్చాను. ఆ ఇంటికి కొత్తదాన్నే. అలాగని ఆవిడ నన్ను ఉయ్యాల్లో వేసి ఉగ్గు పట్టిందా?"

"పట్టలేదు బాబూ" అంది అత్తగారు బల్ల మీంచి. "వచ్చిన రోజే వంటింట్లోకి తోశాను."

లైనంతా గొల్లుమంది. గుమాస్తా కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. చీటీ మాత్రం మార్చలేదు. రేపటికి కట్టకపోతే గడువు దాటుతుందని గుర్తుచేశాడు.

ఆ రాత్రి ఆమె సరిగ్గా తినలేదు. అంత డబ్బు లేదు. ఉన్నా, తప్పుడు లెక్కకి కట్టడానికి చెయ్యి రాదు. స్టూలు కళ్లముందు కనబడుతూనే ఉంది.

తొంభయ్యో రోజు పొద్దున్న అన్నయ్య ఆఫీసుకే వచ్చాడు. చెమటలు తుడుచుకుంటూ, "గొడుగాయనతో మాట్లాడాను. పన్ను సగానికి సగం తగ్గించి కట్టిస్తాడట, ఆయన కూలి వేరే. ఆ కూలి నేనిస్తా. ఒప్పుకో" అన్నాడు.

"సగానికి ఎలా తగ్గిస్తాడు?"

"అది ఆయన విద్య. నీకెందుకు?"

"న్యాయమైన పన్నయితే మొత్తం నేనే కడతా. అన్యాయమైతే ఇక్కడే తగ్గించమంటా. మధ్యలో గొడుగుకి నేనెందుకు బాకీ పడాలి అన్నయ్యా?"

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు! పంతం నెగ్గితే బండి నడుస్తుందా? మధ్యాహ్నానికి కౌంటరు మూసేస్తారు. ఆ తర్వాత బండి అమ్ముకోవడమే."

ఆమె తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్లింది. అడగందే అమ్మైనా పెట్టదు. "బాబూ, బండి వయసుని బట్టి పన్ను తగ్గదని ఎక్కడ రాసుంది? చూపించు, కట్టేస్తా."

గుమాస్తా విసుగ్గా వేలు చూపించాడు. "గోడమీద బోర్డుందిగా, చదువుకోండి."

గోడమీద బోర్డు ఉంది, నిజమే. 'పన్ను రేట్లు' అని పైన ఒక వరస, దాని కింద 'కొత్త వాహనాలు' అని మరో వరస. మిగతా బోర్డుకి అడ్డంగా మనిషెత్తు ఇనప బీరువా నిలబడి ఉంది.

"మిగతాది?"

"మిగతాది... నేను చేరి నాలుగేళ్లయిందండీ. అప్పటికే బీరువా ఇక్కడుంది" అన్నాడు గుమాస్తా, తనే మొదటిసారి చూస్తున్నట్టు. "తగ్గించే పాతబండ్ల చీటీలు ఆయనే లెక్కకట్టి తెచ్చిస్తారు, నేను ముద్ర వేస్తాను" అంటూ కిటికీలోంచి గొడుగు వైపు చూశాడు.

అయితే గొడుగాయన విద్య ఇదన్నమాట! మిషనక్కకి ఒళ్లు మండిపోయింది. సంచి అత్తగారి ఒళ్లో పడేసి, పక్కనున్న చిన్నతలుపు తోసుకుని లోపలికి వెళ్లి బీరువాకి భుజం ఆనించింది.

"ఏయ్, లోపలికి రాకూడదండీ!"

"రాసివ్వు, బయటికెళతా."

తోసింది. బీరువా కదల్లేదు. మోకాలు చురుక్కుమంది. ఇంకోసారి తోసింది. అన్నయ్య "పిచ్చా నీకు, మోకాలు విరుగుతుంది" అని అరిచాడు, అరుస్తూనే లోపలికొచ్చేశాడు, వచ్చి చెల్లెల్ని పక్కకి లాగబోయి, ఏమనుకున్నాడో ఏమో, తనూ భుజం పెట్టాడు. లైన్లోంచి ఇంకో ఇద్దరొచ్చారు. బీరువా కీచుమంటూ జరిగింది. దుమ్ము, దువ్వెన, నాలుగైదు పాత రసీదులు కిందపడ్డాయి. గోడమీద బోర్డు మొత్తం బయటపడింది.

మిషనక్క తుమ్ముకుంటూ గట్టిగా చదివింది: "ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన వాహనాలు. మొదటి రిజిస్ట్రేషను తేదీ నుంచి వయసు లెక్కించవలెను. రెండేళ్ల లోపు... అయిదేళ్ల లోపు... అయిదు నుంచి ఎనిమిదేళ్లు, కొత్తదాని పన్నులో నూటికి నలభై అయిదు. ఎనిమిది నుంచి పదేళ్లు, నూటికి నలభై."

ఆఫీసులో అందరూ ఒకేసారి మాట్లాడారు. "నాది ఏడేళ్లది! నేను సగానికి బేరమాడుకున్నాను!" అన్నాడు లైన్లో ఒకాయన. న్యాయంగా తగ్గాల్సిన దానికన్నా తక్కువ తగ్గించి, దానికి కూలి కూడా పుచ్చుకుంటున్నాడు గొడుగాయన. చప్పుడుకి ఇన్‌స్పెక్టరు గదిలోంచి బయటికొచ్చి, బోర్డు చూసి, మళ్లీ లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

గుమాస్తా మొహం పాలిపోయింది. మెల్లగా అన్నాడు, "అక్కా, మీకు పదేళ్లు దాటిన వరసలో వేస్తా. ఇంకా తగ్గుతుంది. ఈ బోర్డు సంగతి పెద్దది చెయ్యకండి."

"తొమ్మిదేళ్ల బండి నాది. తొమ్మిదేళ్లకే కడతా. బీరువా మాత్రం వెనక్కి జరిపావంటే రేపు మళ్లీ వస్తా."

కట్టింది. నాలుగు నెలల కష్టం ఒక్కసారిగా కౌంటరు మీద పెట్టడం సులువేం కాదు. ఏడుపు కూడా వచ్చింది, కానీ అది కష్టానికో గెలుపుకో ఆమెకే తెలియలేదు.

గుమాస్తా ఫారం ముందు పెట్టుకుని కంప్యూటర్లోకి ఎక్కిస్తూ పైకి చదువుతున్నాడు. పేరు, చిరునామా, వయసు. "వృత్తి... గృహిణి."

"ఏంటీ?" అంది మిషనక్క.

ఫారం నింపింది అన్నయ్య, ఆమె కళ్లజోడు మరిచిపోయిన రోజు. ఆయన గోడమీది బోర్డు వైపు చూస్తూ, "ఏదో ఒకటి రాయాలిగా. ఆడవాళ్లకి అదే రాస్తారు" అన్నాడు.

మిషనక్కకి కోపం రాలేదు. అన్నయ్య చొక్కా భుజం మీద బీరువా తుప్పు అంటుకుని ఉంది. ఇంతసేపూ తనకోసం తోసిన మనిషే, ఇన్నేళ్లూ తను చేసేది పని అనుకోలేదు. అది చాలా నొప్పిగా ఉంది. ఇల్లు కూడా తనే నడిపింది, కాదనదు. కానీ ఈ డబ్బు కట్టింది ఆ పేరుతో కాదు.

గుమాస్తా చేతిలోంచి కలం తీసుకుంది. ఆ మాట కొట్టేసింది. పైన 'కుట్టుమిషన్ల మెకానిక్' అని రాసింది. గడి చిన్నది, మాట పెద్దది, సగం అక్షరాలు గడి దాటి పక్కకి పోయాయి.

"దిద్దినచోట సంతకం పెట్టాలండీ" అన్నాడు గుమాస్తా.

పెట్టింది. అన్నయ్య వంగి ఆ మాటని ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. "అంటే... కొట్టుకి..." అని నసిగాడు.

"రాను అన్నయ్యా. కాస్త పక్కకి జరుగు. వెనకాల ఏడేళ్ల బండాయన నిలబడ్డాడు."